ఎనిమిది పలకల పిడి

"సర్, అది మూడు కాదు," అంది చాందిని.

నేనింకా కళ్ళు తెరవలేదు. డిసెంబరు నెల, ఆదివారం పొద్దున్న ఏడు గంటలు. పద్నాలుగు మంది పిల్లలు స్వెట్టర్లు వేసుకుని నా చుట్టూ నుంచున్నారు. నేను కళ్ళు మూసుకుని చెయ్యి చాపితే ఎవరో ఒకరు రాకెట్‌ని తమకి తోచినట్టు తిప్పి నా చేతిలో పెడతారు. పిడి పట్టుకుని నా చెయ్యి ఏ పలక మీద పడిందో నేను చెప్పాలి. అదీ మా ఆట. పదకొండేళ్ళుగా రాయపూర్ రైల్వే కాలనీలోని ఆ మట్టికోర్టులో పిల్లలకి టెన్నిస్ నేర్పుతున్నాను. ఆ ఆటలో ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు.

"మూడే," అన్నాను.

"రెండు సర్. కావాలంటే చూడండి."

కళ్ళు తెరిచి చూశాను. రెండే.

పిల్లలు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. చాందినికి పన్నెండేళ్ళు. నా చిన్ననాటి స్నేహితుడు రఘు కూతురు. నేను తప్పు చెప్పడం దానికి పండగలా ఉంది.

రాకెట్ పిడి గుండ్రంగా ఉంటుందనుకుంటారు చాలామంది. కాదు. పెన్సిల్‌కి ఆరు పలకలున్నట్టు దానికి ఎనిమిది పలకలుంటాయి. రాకెట్‌ని అంచు మీద నిలబెట్టి పట్టుకుంటే పైకి కనిపించేది ఒకటో పలక. కుడిచేతివాటం వాళ్ళకి అక్కణ్ణుంచి కుడివైపు లెక్కపెట్టుకుంటూ పోవాలి. చేతిలో రెండు చోట్లు ముఖ్యం. చూపుడువేలి మొదట్లో ఉండే కణుపు ఒకటి. చిటికెనవేలి కింద, మణికట్టుకి ఆనుకుని ఉబ్బెత్తుగా ఉండే దిమ్మ రెండోది. ఈ రెండూ ఏ పలక మీద కూర్చున్నాయన్నదే గ్రిప్. రెండో పలక మీదైతే కాంటినెంటల్, సర్వీసుకి, నెట్ దగ్గర ఆటకి. మూడో పలక మీదైతే ఈస్టర్న్, కరచాలనం చేసినట్టుంటుంది. నాలుగైతే సెమీ వెస్టర్న్, బంతి గిర్రున తిరుగుతూ పోతుంది. ఒక్క పలక జరిగితే ఆటే మారిపోతుంది.

ఇది నోటితో చెబితే పిల్లలకి ఎక్కదు. అందుకే ఒక్కొక్కళ్ళ చెయ్యీ పట్టుకుని, వేలు వేలూ విడదీసి, పిడి మీద సర్ది పెడతాను. "కణుపు ఒక్కోసారి మోసం చేస్తుంది. దిమ్మని నమ్ముకోండి, అది అబద్ధం చెప్పదు," అని ప్రతి బ్యాచ్‌కీ చెప్పేవాణ్ణి.

"ఇంకోసారి," అన్నాను. మళ్ళీ కళ్ళు మూసుకున్నాను. చాందిని రాకెట్ తిప్పి పెట్టింది. గట్టిగా పట్టుకున్నాను.

"నాలుగు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను సరిగ్గా చెప్పేశానేమో అనుకున్నాను.

"సర్," అంది చాందిని. గొంతు మారింది. "సర్, రక్తం."

కళ్ళు తెరిచాను. పిడికి చుట్టిన తెల్ల టేపు సగం ఎర్రబడి ఉంది. చెయ్యి విప్పి చూస్తే దిమ్మ మీద రూపాయి బిళ్ళంత చర్మం ఊడి వేలాడుతోంది. లోపల పచ్చి మాంసం కనిపిస్తోంది. బొబ్బ ఎప్పుడు లేచిందో, ఎప్పుడు చితికిందో నాకు తెలీదు. అప్పటికి అరగంట నుంచి ఆ చేత్తోనే బంతులు కొడుతున్నాను.

అంత గాయం కళ్ళెదుట కనిపిస్తోంది, అయినా చెయ్యి మండటం లేదు. ఎడమచేతి వేలితో ఆ పచ్చిగాయాన్ని నొక్కాను. పిల్లల్లో ఎవరో "అమ్మో" అన్నారు. నాకేమీ తెలియలేదు.

*

నాకప్పుడు నలభై ఒకటి. రైల్వే ఆఫీసులో గుమస్తాని. మా నాన్నా, రఘు వాళ్ళ నాన్నా శ్రీకాకుళం వైపు నుంచి ఒకే ఏడాది వచ్చి రైలు వాగన్లు బాగుచేసే షాపులో చేరారు. నేనూ రఘూ ఇక్కడే పుట్టాం. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఇద్దరి మధ్యా రెండూ కలగాపులగం. వాడు రైళ్ళు నడిపే లోకో పైలట్ అయ్యాడు. కోర్టు సామాను గది తాళంచెవులు రెండే, నా దగ్గరొకటి, వాడి దగ్గరొకటి.

ఆ రోజు చేతికి కట్టు కట్టుకుని ఇంటికి పోయాక మా ఆవిడ త్రివేణి నన్ను కూర్చోబెట్టి ఒక్కొక్కటే అడిగింది. వేసవిలో చిటికెనవేలు పెనానికి తగిలి కాలితే వాసన వచ్చేదాకా తెలియలేదెందుకని? చొక్కా గుండీలు పెట్టుకోడానికి ఈమధ్య అంతసేపు పడుతోందెందుకని? మోచేతి పైన ఆ తెల్లమచ్చ తామర మందు రాసినా పోలేదెందుకని? అన్నిటికీ నా దగ్గర జవాబులున్నాయి. నలభై దాటాయి, టెన్నిస్ ఆడే చెయ్యి, ఎండ. అంతకు ముందు ఒక ఎముకల డాక్టరు మెడలో నరం నొక్కుకుంటోందని పట్టీ ఇచ్చాడు. రెండు నెలలు మెడకి పట్టీ వేసుకుని తిరిగాను.

"రక్తం కారుతుంటే తెలీకపోవడం మెడ వల్ల కాదండీ," అంది త్రివేణి. "రేపు పెద్దాసుపత్రికి వెళ్దాం."

అక్కడ చర్మం డాక్టరు దగ్గరికి పంపారు. ముప్పై ఏళ్ళ అమ్మాయి. బల్ల మీద పేరు చూశాను, ప్రియదర్శిని. నా పేరూ ఇంటిపేరూ చదివి తెలుగులో మాట్లాడింది. వాళ్ళది భిలాయి, నాన్న స్టీల్ ప్లాంటట.

చెయ్యి అటూ ఇటూ తిప్పి చూసింది. మోచెయ్యి వంచమని, లోపలివైపు ఎముక పక్కన వేళ్ళతో తడిమింది. ఒకచోట ఆగింది. "ఇక్కడ పట్టుకుని చూడండి," అని నా ఎడమచెయ్యి అక్కడ పెట్టింది. చర్మం కింద లావుపాటి తాడులాంటిదేదో అటూ ఇటూ జరుగుతోంది. రెండో మోచేతిలో అలాంటిది లేదు.

తర్వాత దూదిని సన్నగా పురిపెట్టి, "కళ్ళు మూసుకోండి. తగిలినప్పుడల్లా ఎక్కడ తగిలిందో వేలితో చూపించండి," అంది.

కళ్ళు మూసుకున్నాను. చూపుడువేలి దగ్గర తగిలింది, చూపించాను. బొటనవేలి మీద తగిలింది, చూపించాను. తర్వాత చాలాసేపు ఏమీ తగల్లేదు. ఎవరో లోపలికొచ్చి ఆవిడతో మాట్లాడుతున్నారేమో అనుకున్నాను.

"ఎప్పుడు మొదలుపెడతారు డాక్టరుగారూ?" అని అడిగాను.

"అయిపోయిందండీ," అంది.

కళ్ళు తెరిచేసరికి పక్కన త్రివేణి నోటికి చెంగు అడ్డం పెట్టుకుని ఉంది. ఆ దూది నా దిమ్మ మీద, చిటికెనవేలి మీద, మోచేతి మచ్చ మీద పదిసార్లు తిరిగిందని తర్వాత చెప్పింది. చివర్లో డాక్టరమ్మ పెన్ను మొనతో కూడా పొడిచిందట.

"శివాజీగారూ, ఇది కుష్ఠు," అంది ప్రియదర్శిని.

ఆ మాట విన్నాక నేనన్నది తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "నేను టెన్నిస్ ఆడతానండీ," అన్నాను. టెన్నిస్ ఆడేవాళ్ళకి అది రాదన్నట్టు.

"ఆడండి," అంది. "పుండు మానాక ఆడండి. దీనికి మందుంది, ఆరు నెలలు. మొదటి మోతాదు ఇప్పుడే, నా ఎదురుగా వేసుకోవాలి. నరానికి వేరే మందు ఇస్తాను. స్పర్శ కొంత వెనక్కి రావచ్చు, మొత్తం వస్తుందని మాత్రం మాటివ్వలేను."

ఆవిడ ఇంకా చాలా చెప్పింది. ఈ ప్రాంతంలో ఇప్పటికీ ఏటా కొత్తవాళ్ళు బయటపడుతూనే ఉన్నారనీ, ఎముకలనీ మెడనీ చూపించుకుంటూ చాలామంది ఆలస్యం చేస్తారనీ చెప్పింది. అవేవీ నా చెవిన పడటం లేదు. ఎనిమిదేళ్ళ పిల్లలు, పదేళ్ళ పిల్లలు, ఒక్కొక్కళ్ళ చెయ్యీ నా చేతిలోకి తీసుకుని, వేలు వేలూ విడదీసి పిడి మీద పెట్టడమే కళ్ళముందు ఆడుతోంది.

"డాక్టరుగారూ, నేను పిల్లల చేతులు పట్టుకుంటాను," అన్నాను.

ఆవిడ రాయడం ఆపి నా వైపు చూసింది. "చేత్తో ముట్టుకుంటే ఇది అంటదు. మందు మొదలుపెట్టని మనిషికి దగ్గరగా నెలలూ ఏళ్ళూ గడిపితే, దగ్గు తుమ్ముల మీద రావచ్చు. అదీ అన్ని రకాల్లోనూ కాదు. మీది చాలా తక్కువగా అంటుకునే రకం. నూటికి తొంభైఐదు మందికి పైగా ఒంట్లోనే తట్టుకునే శక్తి ఉంటుంది. అయినా పిల్లలు వారానికి ఎన్నాళ్ళు వస్తారు మీ దగ్గరికి?"

"నాలుగు రోజులు. కొందరు అయిదారేళ్ళ నుంచి."

"అయితే చూడ్డం మంచిది. ఒళ్ళంతా చూసి, ఏమీ లేకపోతే ముందుజాగ్రత్తగా ఒక్కసారి మాత్ర వేస్తాం. కానీ ఒక్క విషయం. మీరు ఒప్పుకుంటేనే మేం అక్కడికి వచ్చి చెప్తాం. లేదంటే మీ ఇంట్లోవాళ్ళని మాత్రం చూసి ఊరుకుంటాం. బలవంతం లేదు."

ఆవిడ ముందే కూర్చుని మాత్రలు మింగాను. త్రివేణినీ, పదో తరగతి చదివే మా హేమంత్‌నీ ఆ వారమే పరీక్ష చేశారు. వాళ్ళకేమీ లేదు.

*

"చెప్పకండి," అంది త్రివేణి. అదే మాట మూడు రోజులు అంది. "మందు మొదలెట్టారు. ఇక మీ నుంచి ఎవరికీ రాదని ఆవిడే చెప్పింది. చెప్తే ఈ కాలనీలో మనం ఉండగలమా? హేమంత్ స్కూలుకి పోగలడా?"

తనన్నదాంట్లో తప్పేమీ లేదు. నాకూ చెప్పాలని లేదు. కానీ ఆ పద్నాలుగు మందిలో ఎవరికైనా వీపు మీద చిన్న మచ్చ ఉండి, వాళ్ళమ్మ దానికి తామర మందు రాస్తూ ఉంటే? నాలా ఏళ్ళు గడిచాక వాళ్ళ చెయ్యీ మొద్దుబారితే? ఆ ఆలోచన ఒకసారి వచ్చాక ముద్ద దిగలేదు.

తర్వాతి ఆదివారం తల్లిదండ్రుల్ని కోర్టు దగ్గరికి రమ్మన్నాను. జిల్లా పోటీల గురించనుకుని నవ్వుతూ వచ్చారు. చేతికి కట్టు ఉంది. నుంచుని చెప్పాను. హిందీలో ఒకసారి, తెలుగులో ఒకసారి. డాక్టరు చెప్పినవన్నీ ఒక కాగితం మీద రాసుకెళ్ళాను. రెండో వాక్యం దగ్గరే ఎవరూ వినడం మానేశారు.

ఒకావిడ వెంటనే పర్సులోంచి శానిటైజర్ తీసి కూతురి రెండు చేతులకీ రుద్దింది, మోచేతుల దాకా. కరోనా రోజుల్లో అలవాటైన సీసా అది. ఇంకొకాయన కొడుకుని జబ్బ పట్టుకుని మాటైనా అనకుండా బండి దగ్గరికి లాక్కుపోయాడు. ఆ పిల్లాడి రాకెట్ అక్కడే పడిపోయింది, ఎవరూ తియ్యలేదు.

రఘు మాత్రం కదల్లేదు. నా వైపు చూస్తూ నుంచున్నాడు. వాడి మొహం అలా నేనెప్పుడూ చూడలేదు.

"ఏటిరా ఇది?" అన్నాడు. "మూడేళ్ళ నుంచి మా పిల్ల చెయ్యి ఈ చేత్తోనే కదరా పట్టుకున్నావు?"

"నాకు తెలీదురా. తెలిసిన వారం రోజుల్లో చెప్తున్నాను."

"పిల్లలందరి ఎదురుగా రక్తం కారిందంట. చాందిని కూడా ముట్టుకుందంటరా ఆ రాకెట్?"

"రఘూ, రక్తంతో రాదు. డాక్టరమ్మ వస్తానంది, నువ్వే అడుగు..."

"నాకేటీ చెప్పకు," అన్నాడు. ఒకడుగు ముందుకేశాడు, కొడతాడనుకున్నాను. నా దగ్గరికి రావడం కూడా ఇష్టంలేనట్టు ఆగిపోయాడు. అది దెబ్బకన్నా ఎక్కువ తగిలింది.

మర్నాడు ఆఫీసులో నా కుర్చీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మంగళవారం పొద్దున్న అలవాటు చొప్పున కోర్టుకి వెళ్ళాను. పిల్లలు రారని తెలుసు. దూరం నుంచే ప్లాస్టిక్ కాలిన వాసన వచ్చింది.

సామాను గది తలుపు తెరిచి ఉంది. తాళం పగలగొట్టలేదు, తాళంచెవితో తీశారు. గది వెనక బూడిద కుప్ప. సొంత రాకెట్లు లేని పిల్లల కోసం పదకొండేళ్ళలో ఒక్కొక్కటే పోగుచేసిన పన్నెండు రాకెట్లు ఆ కుప్పలో ఉన్నాయి. అల్యూమినియం ఫ్రేములు కాలలేదు, నల్లబడి వంకర్లు తిరిగాయి. పిడులు మాత్రం పూర్తిగా కాలిపోయాయి. చేత్తో పట్టుకునే భాగం ఒక్కదానికీ మిగల్లేదు.

అక్కడే కింద కూలబడ్డాను. ఏడుపు రాలేదు. రెండు తాళంచెవుల్లో ఒకటి నా జేబులో ఉంది. రెండోది ఎవరి దగ్గరుందో నాకు తెలుసు.

*

బుధవారం మధ్యాహ్నం కాలనీ హాల్లో పరీక్షలని డాక్టరమ్మ కబురు పెట్టింది. ఇంటింటికీ ఆరోగ్య కార్యకర్త వెళ్ళి చెప్పింది. మూడింటికి మొదలుపెడితే నాలుగింటి దాకా అయిదుగురు వచ్చారు. నేను గుమ్మం బయట, దూరంగా, వేపచెట్టు కింద నుంచున్నాను. లోపలికి వెళ్తే ఆ అయిదుగురూ వెళ్ళిపోతారేమోనని భయం.

అప్పుడు సూరమ్మ పిన్ని వచ్చింది. రఘు వాళ్ళమ్మ. డెబ్భై ఏళ్ళుంటాయి. చిన్నప్పుడు మా అమ్మకి ఒంట్లో బాలేకపోతే నాకు అన్నం పెట్టిన మనిషి. ఒక చేత్తో చాందినిని పట్టుకుని చకచకా నడిచి వచ్చింది. నన్ను చూసి ఆగింది.

"ఇక్కడెందుకు నిలబడ్డావురా దొంగలాగ? లోపలికి రా," అంది.

"వద్దు పిన్నీ."

"రమ్మన్నానా?"

లోపలికి వెళ్ళాను. తెర వెనక డాక్టరమ్మ చాందినిని చూసింది. ఏమీ లేదంది, మాత్ర ఇచ్చింది. చాందిని మాత్ర మింగుతుండగా రఘు వచ్చాడు. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టున్నాడు, యూనిఫాం మీదే ఉన్నాడు, చేతిలో డ్యూటీ సామాను పెట్టుకునే లైన్ బాక్సు ఉంది.

"అమ్మా, ఎవరు తెమ్మన్నారు దాన్నిక్కడికి? పద ఇంటికి. చాందినీ, చల్!"

"నువ్వుండ్రా," అంది సూరమ్మ పిన్ని. బెంచీ మీద డాక్టరమ్మ ఎదురుగా కూర్చుని కుడిచెయ్యి ముందుకి చాపింది. "అమ్మా, ఇది కూడా ఓపాలి సూడు."

చిటికెనవేలూ ఉంగరంవేలూ లోపలికి ముడుచుకుపోయి ఉన్నాయి. నా చిన్నప్పట్నుంచీ అవి అలాగే ఉన్నాయి. ఎప్పుడూ ఎందుకని అడగలేదు. ప్రియదర్శిని ఆ చెయ్యి తీసుకుంది, మోచెయ్యి తడిమింది, తలెత్తి పిన్ని మొహంలోకి చూసింది. 

"ఎప్పుడమ్మా?" అంది డాక్టరమ్మ నెమ్మదిగా.

"ముప్పై ఆరేళ్ళయింది." పిన్ని కొడుకు వైపు తిరిగింది. "ఒరే, ఈ చేతి ఏళ్ళు ఎలగ వంగిపోనాయని చెప్పాను నీకు?"

"రోకలి పడిందని," అన్నాడు రఘు.

"రోకలి పళ్ళేదు. ఇదే జబ్బు. నీకప్పుడు అయిదేళ్ళు. ఇక్కడ సూపించుకుంటే కాలనీలో తెలిసిపోద్దని మీ నాన్న నన్ను సైకిల్ మీద ఎక్కించుకుని ఊరి సివర టాటీబంధ్ అవతల ఆసుపత్రికి తీసుకెళ్ళీవోడు. నెలకోపాలి. గుడికెల్తన్నామని చెప్పీవోళ్ళం. రెండేళ్ళు మింగేను మాత్రలు. తగ్గిపోయింది. అప్పటికే ఏళ్ళు వంగిపోనాయి, అవి మరి లేవలేదు."

రఘు చేతిలోంచి బాక్సు జారి కింద పడింది. ఆ చప్పుడికి చాందిని ఉలిక్కిపడింది.

"నాన్నకి తెలుసా?" అన్నాడు. 

"మీ నాన్నకొక్కడికే తెలుసు. సచ్చిపోయేదాకా ఎవులికీ చెప్పలేదు. ఇదిగో, ఈ చేత్తోనే నీకు ముద్దలు కలిపెట్టాను. నీకూ, మీ చెల్లికీ, ఈ శివాజీగాడికీ. నీ పెళ్ళికి తలంబ్రాలు కలిపింది ఈ చెయ్యే. నీ కూతురికి నీళ్ళు పోసింది ఈ చెయ్యే. ఏటయింది మీకు? ఏటీ అవలేదు కదా!"

హాల్లో ఉన్న అయిదారుగురూ పిన్ని చేతి వైపే చూస్తున్నారు. శానిటైజర్ రుద్దినావిడ కూడా వాళ్ళలో ఉంది, కూతుర్ని తీసుకుని అప్పుడే వచ్చింది.   ఇన్నేళ్ళు, ఒకే వీధిలో, ఆ మనిషి ఆ మాటని లోపలే దాచుకుని ఎలా బతికిందో ఊహకి అందలేదు. వారం రోజులు దాచలేక నేను చచ్చిపోయాను.

రఘు కూతుర్ని మళ్ళీ పిలవలేదు. బాక్సు అక్కడే వదిలేసి బయటికి నడిచాడు. దాన్ని చాందినే మోసుకెళ్ళింది.

సూరమ్మ పిన్ని చెప్పిన మాట సాయంత్రానికల్లా కాలనీ అంతా పాకింది. ఏమవుతుందోనని నేనూ త్రివేణీ భయపడ్డాం. మర్నాడు పొద్దున్నే పిన్ని ఎప్పటిలా పాలకేంద్రం దగ్గర లైన్లో నుంచుంది. కొందరు జరిగి నుంచున్నారు, కొందరు జరగలేదు. జరిగినవాళ్ళని పేరుపేరునా పలకరించిందట.

ఆ తర్వాత పదిరోజుల్లో పిల్లలు ఒక్కొక్కళ్ళే పరీక్షకి వచ్చారు. పద్నాలుగు మందిలో పదకొండు మంది. ఎవరికీ ఏమీ లేదు. మిగతా ముగ్గురూ రాలేదు. ఒక కుటుంబమైతే బదిలీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

*

ఫిబ్రవరిలో పుండు మానింది. డాక్టరమ్మ సరేనన్నాక కోర్టు మళ్ళీ తెరిచాను. మొదటి రోజు నలుగురు వచ్చారు. నెల తిరిగేసరికి ఎనిమిది మందయ్యారు. సొంత రాకెట్లు ఉన్నవాళ్ళు లేనివాళ్ళకి ఇచ్చి ఆడుకున్నారు.

నేను మాత్రం ఎవర్నీ ముట్టుకోలేదు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని నోటితోనే చెప్పేవాణ్ణి. కణుపు నాలుగో పలక మీదికి జరుపు, దిమ్మ కూడా జరగాలి, అలా కాదు, ఇంకొంచెం కిందికి. పిల్లలు తికమకపడేవారు. చాందినిని ఈస్టర్న్ నుంచి సెమీ వెస్టర్న్‌కి మార్చాలి. జిల్లా పోటీలకి అది ఎదురుచూస్తోంది. భుజం ఎత్తు బంతులన్నీ దానికి నెట్‌కి తగులుతున్నాయి. మూడు రోజులు నోటితో చెప్పాను, మూడు రోజులూ బంతి నెట్‌లోకే పోయింది.

నాలుగో రోజు అది రాకెట్ తెచ్చి నా ముందు పట్టుకుంది.

"మీరు పెట్టండి సర్," అంది. "చెప్తే నాకు తెలీటం లేదు."

"చెప్పినట్టు చెయ్యి, అదే వస్తుంది."

"రాటం లేదు సర్. ఇంతకు ముందు పెట్టేవారు కదా! ఇప్పుడెందుకు పెట్టరు?"

 మిగతా పిల్లలు ఆట ఆపి చూస్తున్నారు. కంచె అవతల ఇద్దరు తల్లులు కూడా చూస్తున్నారు. వాళ్ళ వైపు చూశాను. వాళ్ళలో ఒకావిడ, అదే శానిటైజర్ ఆవిడ, తల వంచుకుంది, కానీ వద్దని అనలేదు.

చాందిని చెయ్యి పట్టుకున్నాను. వేళ్ళు విడదీశాను. కణుపుని నాలుగో పలక మీదికి తెచ్చి, దిమ్మని దాని కింద కూర్చోబెట్టి, వేళ్ళు ఒక్కొక్కటే మూశాను.   అది వెనక్కి పరిగెత్తి బంతి వెయ్యమంది. మొదటిది కంచె దాటిపోయింది. రెండోది కూడా. మూడోది నెట్ మీదుగా లేచి, గిర్రున తిరుగుతూ దిగి, బేస్‌లైన్‌కి అడుగు లోపల పడింది.

"ఆఁ!" అని అరిచింది, ఎవరో గిల్లినట్టు.

నా చేతి సంగతి చెప్పాలంటే, దిమ్మ మీద కొంతమేర స్పర్శ వచ్చింది. వేడి తెలుస్తుంది, ముల్లు గుచ్చితే తెలుస్తుంది, దూది తెలీదు. చిటికెనవేలు కొద్దిగా దూరంగా ఉండిపోయింది, దగ్గరికి రమ్మంటే రాదు. కళ్ళు మూసుకుని పలక చెప్పే ఆట మానేశాం. జూన్‌లో మాత్రలు పూర్తయ్యాయి.

ఆ మే నెలలోనే ఒక పొద్దున్న నేను కోర్టు తడిపి, మట్టి చదును చేసే రోలర్ మీద కూర్చుని ఉండగా రఘు వచ్చాడు. అయిదు నెలలుగా మా ఇద్దరికీ మాటల్లేవు. ఎదురుపడితే వాడు పక్క సందులోకి తిరిగిపోయేవాడు. ఆ రోజు వచ్చి రోలర్ రెండో చివర కూర్చున్నాడు. 

"రాకెట్లు నేనే కాల్చానురా," అన్నాడు.

"తెలుసు."

"ఆ హాల్లో మాట విన్నాక రెండు రోజులు ఇంట్లో అన్నం తిన్లేదు. డ్యూటీ మీద లైన్లోనే తిన్నాను. మూడో రోజు అమ్మ కంచం పెట్టి కూర్చుంది. ఎందుకు చెప్పలేదే నాకు, ఇన్నేళ్ళు, అని అడిగాను."

"ఏమంది?"

"చెప్తే నా చేతి ముద్ద తినీవోడివా, అంది. తినేవాణ్ణే, నువ్వు నా తల్లివి కదా, అన్నాను." వాడు తడిమట్టిని కాలితో నొక్కాడు.  "మొన్న మంగళవారం నీ బట్టలకి కాలిన వాసనొచ్చింది, నానే ఉతికేను, అప్పుడే తెలిసింది నువ్వు తినీవోడివి కాదని, అంది."

 వాడు కళ్ళు తుడుచుకోలేదు, అలా కారనిచ్చాడు. క్షమించమని అడగలేదు. అడుగుతాడని నేనూ అనుకోలేదు. వాడు ఇదంతా ఇంకెవరితోనూ చెప్పలేదని మాత్రం నాకు తెలుసు.

"తిన్నావా మరి?" అని అడిగాను.

"తిన్నాను. ఏడుస్తూ తిన్నాను."

ఎండ పైకొస్తోంది. ఆలస్యమైతే మట్టి గట్టిపడిపోతుంది, రోలర్ లాగినా లాభం ఉండదు. నేను లేచాను. వాడూ లేచి రోలర్ లాగే ఇనప కడ్డీ ఒక చివర పట్టుకున్నాడు. రెండో చివర నేను పట్టుకోబోయాను.

"ఆగు," అన్నాడు రఘు. "ఆ చేతికి గ్లవ్ వేసుకోమన్నారంట కదా డాక్టరమ్మ, చాందిని చెప్పింది. తొడుక్కో ముందు."

జేబులోంచి తీసి తొడుక్కున్నాను. ఇద్దరం లాగడం మొదలుపెట్టాం.